ఫ్రిజ్ థర్మామీటర్ సమీక్ష: లిస్టీరియా లెక్కలో ఏ రకం పనికొస్తుంది?

ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటర్లు బజారులో మూడు రకాలుగా దొరుకుతున్నాయి. గుండ్రటి డయల్ మీద ముల్లు తిరిగేది ఒకటి, గాజు గొట్టంలో ఎర్ర ద్రవం ఎక్కీ దిగేది ఇంకొకటి, మూడోది డిజిటల్. మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఇంట్లో గర్భిణి గానీ, 65 ఏళ్లు దాటినవాళ్లు గానీ, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు గానీ ఉంటే, తీగ చివర వేడి కొలిచే కొన (ప్రోబ్) ఉండి గరిష్ఠ, కనిష్ఠ అంకెలు గుర్తుపెట్టుకునే డిజిటల్‌దే కొనండి. మిగతా ఇళ్లకు గాజు గొట్టంది సరిపోతుంది. డయల్‌ది పరీక్షించకుండా నమ్మొద్దు. నుదుటికి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ గన్, జ్వరం చూసే థర్మామీటర్ ఈ పనికి బొత్తిగా పనికిరావు. మొదటిది పైపొర వేడినే చూస్తుంది, మెరిసే స్టీలు గిన్నె దగ్గర తప్పు చెబుతుంది. రెండోదాని కొలత 35 దగ్గర మొదలై 42 దగ్గర ముగుస్తుంది.

ఇంత చిన్న వస్తువు మీద ఇంత పట్టుబట్టడానికి కారణం లిస్టీరియా మోనోసైటోజెనిస్ అనే బ్యాక్టీరియా. సాల్మొనెల్లా వంటివి మంచి ఫ్రిజ్ చలికి దాదాపు కదలకుండా పడి ఉంటాయి. లిస్టీరియా అలా కాదు, సున్నాకు కాస్త దిగువ నుంచి 45 డిగ్రీల సెల్సియస్ దాకా పెరుగుతూనే ఉంటుంది. డీప్ ఫ్రీజర్‌లో పెరగదు గానీ చావదు. ఉప్పు పది శాతం ఉన్నా తట్టుకుంటుంది. గాలి తీసేసిన వాక్యూమ్ ప్యాకెట్‌లోనూ పెరుగుతుంది. ఇంత జరిగినా పదార్థం వాసన మారదు, రంగు మారదు, జిగురు రాదు. పాడైందో లేదో వాసన చూసి తేల్చుకునే అలవాటు ఇక్కడ అక్కరకు రాదు.

4 డిగ్రీలకూ 8 డిగ్రీలకూ తేడా ఎంతో చూడండి. పాలలో చేసిన ప్రయోగాల్లో 4 డిగ్రీల దగ్గర ఈ బ్యాక్టీరియా రెట్టింపు కావడానికి ఒక రోజు నుంచి రోజున్నర పైగా పట్టింది. 8 దగ్గర సుమారు అర రోజు చాలు. అయిదు రోజులకు లెక్క వేద్దాం. ముప్ఫై గంటలకోసారి రెట్టింపైతే నాలుగు రెట్టింపులు, ఒకటి పదహారవుతుంది. పన్నెండు గంటలకోసారి అయితే పది రెట్టింపులు, ఒకటి వెయ్యి దాటుతుంది. యూరప్ నియమాల్లో నేరుగా తినే చాలా ఆహారాలకు గడువు ముగిసేదాకా గ్రాముకు 100 దాటకూడదన్న హద్దు ఉంది. ఆ హద్దుకు ఇవతల ఉండడమా, దాటిపోవడమా అన్నది ఈ నాలుగు డిగ్రీల్లో తేలిపోవచ్చు. చేత్తో ముట్టుకుంటే మాత్రం రెండు గిన్నెలూ చల్లగానే ఉంటాయి.

చలి ఈ బ్యాక్టీరియాకు ఎలా కలిసొస్తుందో 1981లో కెనడా తూర్పు తీరంలోనే బయటపడింది. గొర్రెల పచ్చి ఎరువు వేసిన పొలంలో పండిన క్యాబేజీని నెలల తరబడి చలి గిడ్డంగిలో ఉంచి, దాంతో కోల్‌స్లా అనే పచ్చి సలాడ్ చేసి అమ్మారు. 41 మందికి జబ్బు చేసింది, వాళ్లలో ఎక్కువమంది గర్భిణులూ పసికందులే. లిస్టీరియా ఆహారం ద్వారా వస్తుందని గట్టిగా రుజువైన మొదటి ఘటన అదే. తర్వాత 2011లో అమెరికాలోని కొలరాడో ఖర్బూజాలు 33 మందిని బలిగొన్నాయి. 2017-18లో దక్షిణాఫ్రికాలో పోలనీ అనే మాంసపు ఉత్పత్తి వెయ్యికి పైగా కేసులకు, రెండు వందలకు పైగా మరణాలకు కారణమైంది. 2024లో అమెరికాలో ముక్కలు కోసి అమ్మే డెలీ మాంసంతో 61 మంది జబ్బుపడితే పదిమంది చనిపోయారు. వీటిలో వేటికీ ఇంటి ఫ్రిజ్ మూలం కాదు, తప్పు పొలంలోనో, గిడ్డంగిలోనో, ఫ్యాక్టరీలోనో, ప్యాకింగ్ షెడ్డులోనో జరిగింది. అయితే లిస్టీరియాను కొద్దిగా మోసుకొచ్చిన ప్యాకెట్‌లో అది కొద్దిగానే ఉండిపోతుందా, లక్షలకు చేరుతుందా అన్నది మాత్రం కొన్న తర్వాత మీ అరలోని చలి మీద ఆధారపడుతుంది.

ఇక వస్తువుల దగ్గరికి వద్దాం.

డయల్ రకంలో రెండు లోహాలు అతికించిన చుట్ట ఉంటుంది. చలికి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ముడుచుకోవడంతో చుట్ట మెలితిరిగి ముల్లును కదుపుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, గాజు పగిలే భయం లేదు, అరకు తగిలించుకోవచ్చు. దీని లోపం దెబ్బకు ఆగకపోవడం. ఒకసారి కిందపడితే ముల్లు రెండు మూడు డిగ్రీలు పక్కకు జరిగి అక్కడే స్థిరపడుతుంది, చూసేవాళ్లకు తెలియదు. గీతలు కూడా చాలావాటిలో రెండేసి డిగ్రీలకు ఒకటి. 4కూ 5కూ తేడా కావలసిన చోట ఇది పెద్ద లోటే. డయల్ మీద అచ్చువేసిన ఆకుపచ్చ పట్టీ ఎక్కడ ముగుస్తుందో కొనేముందు చూడండి. 5 దాటి సాగితే ఆ పట్టీని పట్టించుకోకుండా అంకెలే చదవండి.

గాజు గొట్టంలో ఉండేది రంగు కలిపిన స్పిరిట్. ఈ మూడింటిలో చవకైనది, ఏళ్ల తరబడి మారకుండా చెప్పేది ఇదే. దీనికొచ్చే రోగం ఒక్కటే: రవాణాలో పడుకోబెట్టినప్పుడు ద్రవపు గీత మధ్యలో తెగి, పైన ఒక ముక్క విడిగా నిలిచిపోతుంది. అప్పుడు చదివే అంకె తప్పు. నిలువుగా నిలబెట్టి గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచితే ద్రవం కిందికి దిగి మళ్లీ కలవవచ్చు. కలవకపోతే షాపుకు తిరిగి ఇచ్చేయండి. ప్రయోగశాలల్లో వాడే పాదరసం థర్మామీటర్ చేతికందినా సరే, తిండి ఉన్న చోట పెట్టకండి.

డిజిటల్‌లో మళ్లీ రెండు తీర్లు. మొత్తం పరికరం లోపల పెట్టేదైతే అంకె చదవడానికి తలుపు తీయాలి, తీసేసరికి గాలి వేడెక్కి అంకె మారిపోతుంది. తీగ చివర ప్రోబ్ లోపల ఉండి తెర బయట ఉండేది మేలు. తీగ చదునుగా, సన్నగా ఉన్నది ఎంచుకోండి. గుండ్రటి లావు తీగ తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీని (గాస్కెట్‌ను) ఎత్తిపట్టి సందు చేస్తుంది, అక్కడ తేమ చేరి ఐసు కడుతుంది. తీగను కీలు ఉన్న వైపు నుంచి దూర్చి, రెండు చోట్ల టేపు వేయండి. తర్వాత ఆ చోట గాస్కెట్‌కూ బాడీకీ మధ్య ఒక నోటు పెట్టి తలుపు మూసి లాగండి. నోటు కొంచెం బిగుతుగా వస్తే సరే, జారుకుంటూ వస్తే తీగ చోటు మార్చండి.

తెర మీద 3.7 అని దశాంశం కనబడగానే అది అంత కచ్చితమనుకోవద్దు. ఈ ధరల్లో దొరికే వాటిలో ఎక్కువ వాటికి ఒక డిగ్రీ అటూ ఇటూ తేడా ఉంటుందని పెట్టె మీదే రాసి ఉంటుంది. అందుకే 4 హద్దుగా పెట్టుకున్నవాళ్లు 3 చూపేలా సర్దుకోవాలి. హద్దు విషయంలో దేశాల మధ్య కొంచెం తేడా ఉంది. అమెరికా ఆహార సంస్థ 4 డిగ్రీలు, అంటే 40 ఫారెన్‌హీట్ లేదా అంతకన్నా తక్కువ అంటుంది. బ్రిటన్ 5 లేదా తక్కువ అంటుంది. అమెరికాలో కొన్న పరికరం ఫారెన్‌హీట్‌లో చూపిస్తుంది, వెనుక చిన్న స్విచ్ ఉందో లేదో చూసుకోండి.

గరిష్ఠ, కనిష్ఠ జ్ఞాపకం ఉన్నదానికి అదనంగా పెట్టే డబ్బు వృథా కాదు. మీరు నిద్రలో ఉండగా కరెంటు పోయి వచ్చినా, పిల్లలు తలుపు సరిగ్గా వేయకపోయినా పొద్దున్న ఆ అంకెలో దొరికిపోతుంది. అలారం ఉన్నది కొంటే, హద్దు దాటి కొన్ని నిమిషాలు గడిచాకే మోగే సౌకర్యం ఉందా అని చూడండి. లేకపోతే తలుపు తీసిన ప్రతిసారీ మోగి, మీరే విసిగి బ్యాటరీ తీసేస్తారు. ఫోన్‌కు అంకెలు పంపే బ్లూటూత్ రకం మీద మాకు అంత మక్కువ లేదు. ఫ్రిజ్ ఇనుప ఒళ్లు సంకేతాన్ని అడ్డుకుంటుంది, రెండు గదుల అవతల ఉంటే అందదు.

కొత్త ఫ్రిజ్‌ల తలుపు మీద వెలిగే అంకె ఉండగా ఇదెందుకన్న ప్రశ్న వస్తుంది. చాలా మోడళ్లలో ఆ అంకె మీరు పెట్టినది, లోపల ఉన్నది కాదు. ఇక గుండ్రటి నాబ్ మీద 1 నుంచి 7 దాకా ఉండేవి డిగ్రీలే కావు. అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. 3 మీద పెట్టాం కాబట్టి 3 డిగ్రీలు అనుకునే ఇళ్లు లేకపోలేదు.

ఏ రకం కొన్నా ముందు ఐసు పరీక్ష చేయాలి. ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి మెత్తగా నలగ్గొట్టండి. గ్లాసు నిండా ఆ పొడిని దట్టించి, సందులు నిండేంత మాత్రమే చల్లటి నీళ్లు పోయండి. నీళ్ల మీద ఐసు తేలుతోందంటే నీళ్లు ఎక్కువయ్యాయి, వంపేయండి. బాగా కలిపి, ప్రోబ్ కొన గానీ గాజు బుడ్డి గానీ గ్లాసు మధ్యలో ఉండేలా, అడుగుకూ అంచుకూ తగలకుండా పట్టుకోండి. నాలుగైదు నిమిషాలకు 0 చూపాలి. 1 చూపితే మీ పరికరం ఒక డిగ్రీ ఎక్కువ చెబుతోందన్నమాట, ఆ సంగతి కాగితం ముక్క మీద రాసి వెనుక అంటించి, ప్రతిసారీ చదివిన అంకెలోంచి ఆ ఒక డిగ్రీ తీసేయండి. రెండు డిగ్రీలకు మించి తేడా ఉంటే వాపసు చేయడమే. నీళ్లలో ముంచకూడని డయల్ రకాన్ని, ఐసు పరీక్ష నెగ్గిన మరోదాని పక్కన ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచి పోల్చుకోవాలి. పరీక్ష ఏడాదికోసారి, కిందపడినప్పుడల్లా.

పెట్టే చోటు అంతే ముఖ్యం. కొందరు అర చువ్వకు వేలాడదీసి గాలి వేడి కొలుస్తారు. గాలి నిమిషాల్లో మారుతుంది, పనీర్ ముక్క లోపలి వేడి అలా మారదు. మనకు కావలసింది రెండోది. ఒక గ్లాసు నీళ్లు మధ్య అరలో, వెనుక గోడకు ఆనకుండా పెట్టి, అందులో థర్మామీటర్ నిలబెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న మొదటిసారి తలుపు తీయగానే చదవండి. టీకాల ఫ్రిజ్‌లలో ప్రోబ్‌ను గ్లైకాల్ అనే ద్రవం ఉన్న సీసాలో ముంచి ఉంచేది ఈ కారణంతోనే. మర్నాడు గ్లాసును కింది అరకు, ఆ మర్నాడు తలుపు అరకు మార్చి చూడండి. తలుపులో మధ్య అర కన్నా ఎక్కువ వేడి ఉండటం మామూలే. పాల ప్యాకెట్లూ గుడ్లూ పెట్టుకోమని తలుపులోనే చోటిచ్చారు గానీ, పాలకు తగిన చోటు లోపల, వెనుక వైపు.

5, 6, 7 కనబడితే ఏం చేయాలి? ఫ్రిజ్ తీరును బట్టి దారి వేరు. సింగిల్ డోర్‌లో పైనున్న ఫ్రీజర్ పెట్టె చుట్టూ వేలిమందం ఐసు పేరుకుంటే చలి కిందికి దిగదు, ముందు డీఫ్రాస్ట్ చేయండి. కత్తితో గీకొద్దు, గొట్టానికి చిల్లు పడితే గ్యాసు పోతుంది. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీలో తరచూ జరిగే తప్పు వేరు. వేసవి వచ్చిందని ఫ్రీజర్ నాబ్‌ను చివరిదాకా తిప్పుతారు. చాలా మోడళ్లలో ఆ నాబ్ కదిలించేది గాలి దారిలోని రెక్కను. ఫ్రీజర్‌కు ఎక్కువ గాలి పోయి కింది భాగానికి తక్కువ అందుతుంది, పైన రాయిలా గడ్డకడుతుంటే కింద 8 డిగ్రీలకు చేరుతుంది. ఫ్రీజర్ నాబ్ మధ్యలో ఉంచి, ఫ్రిజ్ నాబ్ పెంచండి. గాలి వచ్చే కంతల ముందు గిన్నెలు అడ్డం పెట్టొద్దు. నాబ్ ఒక్క మెట్టే తిప్పి, ఒక రోజంతా ఆగి మళ్లీ చదవండి. గంటకోసారి తిప్పుతూ పోతే ఏది పనిచేసిందో తెలియదు. ఆకుకూరలు గడ్డకట్టాయంటే మరీ దిగిపోయిందని గుర్తు.

రెంటచింతల, రామగుండం ఎండల్లో వంటింటి వేడి కూడా లెక్కలోకి వస్తుంది. ఫ్రిజ్ వెనుకో లోపలో ఉండే పట్టీ మీద క్లైమేట్ క్లాస్ రాసి ఉంటుంది. ఎస్‌టీ అంటే చుట్టూ 38 డిగ్రీల దాకా, టీ అంటే 43 దాకా సరిగా పనిచేసేలా చేసిందని అర్థం. స్టవ్ పక్కన, పడమటి గోడకు ఆనించి పెట్టిన ఎస్‌టీ ఫ్రిజ్ మే నెలలో 4 నిలబెట్టలేకపోతే అది మెకానిక్ తప్పు కాదు. చోటు మార్చండి, గోడకు కనీసం జానెడు ఎడం ఇవ్వండి. వేడి కూర గిన్నెను తిన్నగా లోపల పెట్టొద్దు, బయట రెండు గంటలకు మించి వదలనూ వద్దు. వెడల్పాటి పళ్లెంలోకి మార్చి, కింద చల్లటి నీళ్లు పెట్టి ఆవిరి తగ్గాక ఎత్తిపెట్టండి.

కరెంటు పోయినప్పుడు తలుపు తీయకపోతే ఫ్రిజ్ భాగం సుమారు నాలుగు గంటలు చలి నిలుపుతుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు. గరిష్ఠ అంకె ఇక్కడే పనికొస్తుంది. 4 దాటి రెండు గంటలు పైబడితే పనీర్, కోసిన పండ్లు, వండిన మాంసం, పాలు తీసేయాల్సిందే. ఊరగాయ, నిమ్మకాయలు, వెన్నకు ఏమీ కాదు.

ఏ పదార్థానికి భయపడాలన్నదానికి మూడు ప్రశ్నలు చాలు. తడి ఎక్కువా? పులుపు తక్కువా? మళ్లీ వేడి చేయకుండా తింటామా? మూడింటికీ అవునంటే అదే. పనీర్, కోసిన ఖర్బూజా, పుచ్చకాయ, మొలకలు, చింతపండు వేయని కొబ్బరి పచ్చడి, సలాడ్ ప్యాకెట్లు, అమెరికాలో ఉన్నవాళ్లకు డెలీ టర్కీ, కేసో ఫ్రెస్కో లాంటి మెత్తటి చీజ్, పొగబెట్టిన సాల్మన్. బాగా పులిసిన పెరుగులోనూ, ఆవకాయలోనూ ఇది పెరగలేదు. ఇడ్లీ పిండిని ఎటూ ఆవిరి మీద ఉడికిస్తాం. పప్పు, కూర మళ్లీ బుడగలు వచ్చేలా కాచే మన అలవాటు మంచి రక్షణ, ఎందుకంటే లోపలంతా 70 డిగ్రీలు రెండు నిమిషాలు నిలిస్తే లిస్టీరియా చస్తుంది. మైక్రోవేవ్‌లో అంచులు పొగలు కక్కుతూ మధ్య చల్లగా ఉంటుంది, సగంలో ఆపి కలపాలి. ఆ వేడి చూడటానికి ఫ్రిజ్ థర్మామీటర్‌ను ముంచకండి, చాలావాటి కొలత 30, 50 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. దానికి వంట ప్రోబ్ వేరే ఉంటుంది.

ఈ పరికరం చేయలేనిది కూడా ఉంది. 3 డిగ్రీల దగ్గరా లిస్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి గర్భిణి ఉన్న ఇంట్లో పనీర్‌ను వండకుండా పెట్టొద్దు, కోసిన పండు ఆ రోజే తినేయాలి. లోపం బయటపడి కంపెనీ వెనక్కి తీసుకున్న (రీకాల్ అయిన) ప్యాకెట్ మీ అరలో ఉండి ఉంటే చలి దాన్ని శుభ్రం చేయదు. అరలు, డ్రాయర్లు, గాస్కెట్ మడతలు, వెనుక నీళ్లు కారే గాడి వేడి సబ్బునీళ్లతో కడిగి, సుమారు నాలుగు లీటర్ల నీళ్లకు ఒక టేబుల్ స్పూన్ వాసన లేని బ్లీచ్ ద్రవం కలిపి తుడిచి ఆరనివ్వాలి. ప్రోబ్‌నూ తీగనూ కూడా. ఇక జబ్బు లక్షణాలు తిన్న మర్నాడే రావాలని లేదు, 70 రోజుల దాకా పట్టవచ్చు. గర్భిణికి మామూలు జ్వరం, ఒళ్లునొప్పులుగానే కనబడి కడుపులో బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. జ్వరం వస్తే ఏం తిన్నారో డాక్టరుకు చెప్పండి. మామూలుగా మొదట ఇచ్చే సెఫలోస్పోరిన్ రకం యాంటీబయాటిక్ మందులు లిస్టీరియా మీద పనిచేయవు, ఆంపిసిలిన్ పనిచేస్తుంది. ఆ ఒక్క మాట వైద్యాన్ని సరైన దారిలో పెట్టగలదు.

డీఫ్రాస్ట్ చేసి, గాస్కెట్ చూసుకుని, వెనుక కాయిల్ దుమ్ము దులిపి, నాబ్ సర్దిన తర్వాతా మూడు రోజులు పొద్దుటి అంకె 5కు పైనే ఉంటే మెకానిక్‌ను పిలవండి. వచ్చినప్పుడు సరిగా చల్లబడటం లేదని మాత్రమే చెప్పకండి. మధ్య అరలో గ్లాసు నీళ్ల వేడి, గత మూడు రోజుల గరిష్ఠం, కనిష్ఠం, కంప్రెసర్ ఆగి ఆగి తిరుగుతోందా, ఆగకుండా తిరుగుతోందా చెప్పండి. ఆగకుండా తిరుగుతూ కూడా చలి రాకపోతే గ్యాసు, కాయిల్, కంప్రెసర్ వైపు వెతుకుతాడు. అసలే తక్కువసేపు తిరుగుతుంటే థర్మోస్టాట్ వైపు చూస్తాడు. పని అయ్యాక డబ్బు ఇచ్చేముందు గ్లాసు నీళ్లు పెట్టి, మర్నాడు పొద్దున అంకె చూసి చెబుతామని అతనికి చెప్పండి.